నలభై ఆరేళ్ల మగమనిషి

మా మావయ్య జ్ఞానయ్య తాపీ మేస్త్రి. నందిగామ చుట్టుపక్కల ఆయన గోడ కట్టని ఊరు తక్కువ. ఆదివారం మాత్రం తాపీ ముట్టడు. మా ఊరి ప్రార్థన మందిరంలో డోలక్ ఆయనదే. మా ఇంటికీ ఆయన ఇంటికీ ఒక్క గోడే అడ్డం. పదో తరగతితో బడి మానేసి మిషను కుట్టుకునే నేను, శనివారం సాయంత్రాలు ఆ గోడవతల ఆయన డోలక్ తాళ్లు బిగించే చప్పుడు వింటూ కుట్టేదాన్ని.

రెండేళ్ల కిందట ఆయనకు నిద్ర కరువైంది. తర్వాత ముఖం ఓ పక్కకు లాగడం, ఉన్నట్టుండి చెయ్యి ఎగిరిపడడం. ఓ ఆదివారం ప్రసంగం మధ్యలో లేచి, పైకప్పు కూలుతోంది పారిపొమ్మని అరిచాడు. పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి పరిగెత్తారు. సంఘపెద్ద నెహెమ్యా తాత దయ్యం పట్టిందన్నాడు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు, ఏడ్చాడు కూడా. డోలక్‌ని మాత్రం మందిరం బీరువాలో పెట్టి తాళం వేశాడు.

జయమణి అత్త ఊరుకోలేదు. ముందు జగ్గయ్యపేటలో చూపించి, అక్కణ్ణుంచి విజయవాడ తీసుకెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ ఒకరు మావయ్య చెయ్యి ఎగరడం చూసి, ఫోన్‌లో ఏదో తెరిచి చదివి, ఒక పరీక్ష రాశారు. మెదడువాపులో అదో రకమట. ఒంటిని కాపాడాల్సిన శక్తే పొరబడి మెదడు మీద పడిందట. మందులతో మావయ్య తేరుకున్నాడు. చేతిలో చిన్న వణుకు మిగిలింది.

తర్వాత ఒకసారి చూపించుకోవడానికి వెళ్తే, ఆయన జబ్బు సంగతి వైద్యుల పత్రికలో రాయనా అని డాక్టరమ్మ అడిగారు.

“ఎవరు చదువుతారమ్మా?” అన్నాడు మావయ్య.

“ఎవరైనా చదవచ్చు. చాలా పత్రికలు డబ్బు కడితేగానీ తెరుచుకోవు. ఇది అట్టా కాదండి, ఫోనుంటే చాలు. ఆ రోజు నేను చూసింది కూడా ఇలాంటిదే. ఏదో దేశంలో ఒకాయనకి ఇలాగే చెయ్యి ఎగిరేదని రాశారు.”

“ఆయనెవరో చల్లగుండాలి. నాదీ రాయండమ్మా. పేరూ ఊరూ బాగా కనపడేట్టు పెట్టండి.”

“పేరు పెట్టకూడదండి. మీ మంచికే.”

మావయ్యకు అది ఎక్కలేదు. మా మందిరంలో సాక్ష్యం చెప్పేవాళ్లు లేచి నిలబడి ముందు పేరు చెప్పుకుంటారు, పడ్డ కష్టం ఆ తర్వాత. డాక్టరమ్మ మొహమాటానికి అలా అంటున్నారనుకుని సంతకం పెట్టాడు. ఊరంతా చదువుతుంది, దయ్యం కాదని తెలుస్తుంది, డోలక్ తిరిగొస్తుంది. దారి పొడుగునా అదే మాట.

కొన్ని నెలలకు లింకు వచ్చింది. నా ఫోన్‌లో తెరిచాను. ముందు స్కానింగ్ బొమ్మ కనపడింది.

“ఇది నా తలకాయేనా?”

“లోపల మెదడుందని ఇప్పటికి రుజువైంది,” అంది అత్త.

“నీ సరసాలు తర్వాత. అమ్మాయ్, నా పేరెక్కడే?”

ఫోన్ తెలుగులోకి మార్చిన ముక్కల్లో కిందిదాకా వెతికాను. “నలభై ఆరేళ్ల మగమనిషి అని ఉంది మావయ్యా.”

“అంతేనా? అట్టాంటోళ్లు మన బజార్లోనే ఎంతమంది!”

ఆయన ముఖం చూడలేక ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాను.

అయినా అత్త ఆ లింకును సంఘం వాట్సాప్ గ్రూపులో నా చేత పెట్టించింది. నెహెమ్యా తాత కూతురు జాయిస్ గుంటూరులో నర్సు. ఆమె అంతా చదివి తండ్రికి ఫోన్ చేసింది. శనివారం తాత వచ్చి మావయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

“అట్టాంటి జబ్బు ఉందంట్రా జ్ఞానయ్యా. మా జాయిస్ చెప్పింది. కానీ అది నీ గురించేనని ఎట్టా నమ్మేది? పేరు లేదుగా.”



మర్నాడు సాక్ష్యాల వేళ ఆయన లేచాడు.

“నా పేరు జ్ఞానయ్య. జాయిస్ చదివిన దాంట్లో నలభై ఆరేళ్ల మగమనిషి ఉన్నాడే, వాణ్ణి నేనే. పేరు పెట్టమన్నా, పెట్టలేదు. అందుకని ఇక్కడ చెబుతున్నా. ఆ రోజు పిల్లల్ని భయపెట్టానంట. నాకు గుర్తు లేదు. అయినా నన్ను క్షమించండి.”

ఆడవాళ్ల వైపు నుంచి గ్రేసీ పిన్ని గొంతు వినపడింది.

“పైకప్పు ఇప్పుడు బానే ఉందా అన్నా?”

“ఉందమ్మా. కట్టింది నేనేగా!”

మందిరమంతా గొల్లున నవ్వింది. నెహెమ్యా తాత జేబుల్లో తాళంచెవి వెతుక్కుంటూ బీరువా దగ్గరికి నడిచాడు. డోలక్ తెచ్చి మావయ్య ఒళ్లో పెట్టి, “వదులైంది, చూస్కో,” అన్నాడు.

మొదటి పాటకే మావయ్య చెయ్యి వణికింది. దెబ్బ ఆలస్యంగా పడుతోంది. ఆపేయబోయాడు. అది చూసి అత్త చప్పట్లు నెమ్మది చేసింది. ఆమె పక్కామె కూడా. పాట సగానికొచ్చేసరికి అందరూ ఆయన చెయ్యి పడేదాకా ఆగి, అప్పుడు పాడుతున్నారు.