తెలివి తప్పినవాళ్లు జవాబు చెప్పకూడదు

మాట్లాడనక్కర్లేని ఆట కదా అని స్కూబాలో, అదే, వీపున గాలి ట్యాంకు కట్టుకుని నీళ్లలో మునిగే ఆటలో చేరాను. సముద్రమంటే ప్రేమ, రంగురంగుల చేపలంటే ముచ్చట అని ఆఫీసులో చెప్పుకున్నదంతా ఉత్తదే. మాదాపూర్‌లో పగలంతా మీటింగుల్లో వాగి వాగి కోకాపేటలో ఇరవైమూడో అంతస్తుకి చేరేసరికి, ఒక్క సొంత మాట కోసం మొహం వాచిపోయి ఉండేదాన్ని. విడాకులయ్యాక, ఇద్దరం కలిసి ఎంచుకున్న ఫ్లాట్లోకి ఒక్కదాన్నే దిగాను. సరుకులు తలుపు బయట ఉంటాయి, తెచ్చినవాళ్ల మొహం కూడా కనబడదు. సర్వరు ఆగిపోతే పదిమంది ఫోన్ చేస్తారు. నాకు జ్వరమొస్తే ఆఫీసు వాళ్లు సెలవు పెట్టమని మెసేజ్ పెడతారు. ఎలాగూ మాట్లాడే దిక్కు లేనప్పుడు మాట్లాడకూడని చోటికే పోతే పోలా అనుకున్నాను. రోషం, ఇంకేం కాదు.

తీరా చేరాక తెలిసింది, అది ఒంటరిగా దిగనివ్వని ఆట అని. ప్రతివాళ్లకీ ఒక జోడీ ఉండాలి, బడ్డీ అంటారు. నీళ్లలోకి దిగే ముందు ఆ జోడీ మన పట్టీలన్నీ లాగి చూడాలి, నడుముకి కట్టిన బరువులు తడమాలి, ట్యాంకులో గాలి వస్తోందో లేదో చూడాలి. మనమూ వాళ్లకి అలాగే చెయ్యాలి. మా బ్యాచ్‌లో అందరూ జంటలు జంటలుగా వచ్చారు. మిగిలిపోయిన నాకు ట్రైనరే జోడీ అయ్యాడు. మాస్కులోకి వచ్చిన నీళ్లని ముక్కుతో ఊది పంపడం, గాలి అయిపోయిందని సైగ చేసి పక్కవాళ్ల గాలిగొట్టం అందుకోవడం మొదటి మెట్టు. ఇంకా లోతుకి పోవడం, దిక్సూచి చూసుకుంటూ తిరిగి రావడం రెండోది. ఒక్కో మెట్టు పాసైతే ఒక్కో కార్డు ఇస్తారు. రెండు కార్డులూ వచ్చేశాయి. ఎవరికి చూపించాలో తోచక రెండింటినీ ఫ్రిజ్ మీద పెట్టాను.

మూడో మెట్టు, మునిగిపోతున్న మనిషిని కాపాడడం. ఆ బ్యాచ్‌లో ఒకావిడ జోడీగా దొరికింది నాకు. శేరిలింగంపల్లిలోనే పుట్టి పెరిగింది, మాదాపూర్‌లో ఆడపిల్లల హాస్టలు నడుపుతుంది. మొదటిరోజు ఈతకొలను గట్టు మీద నన్ను ఎగాదిగా చూసింది.

"ఏందక్కా, గిట్ల కట్టుకున్నవ్? నీళ్లల్లకు దిగంగనే ఊడొస్తది. జర ఊపిరి బిగవట్టు" అంటూ నా నడుముపట్టీ ఒక్క గుంజు గుంజింది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పట్టీ బిగుసుకుని కాదు. నన్ను ఒక మనిషి ముట్టుకుని ఎంత కాలమైందో గుర్తు రాలేదు. సిగ్గేసి మాస్కు ముందే పెట్టేసుకున్నాను.

"మీరెందుకు చేరారండీ?" అని అడిగాను, మాట మార్చడానికి.

"హాస్టల్ల పోరీలు పొద్దుందాక ఆంటీ వేడినీళ్లు రావట్లే, ఆంటీ వైఫై పోయింది అంటనే ఉంటరు. నీళ్ల కింద ఎవ్వలూ ఆంటీ అని పిలువరు కదక్కా, గందుకే."

అదృష్టవంతురాలు, పిలిచేవాళ్లకి భయపడి వచ్చింది! కుళ్లుకున్నాను. అయినా వారమంతా ఆదివారం క్లాసు కోసమే చూసేదాన్ని.

కొలనులో వంతులవారీగా ఒకరు మునిగినట్టు నటించాలి, ఒకరు కాపాడాలి. ఆవిడని నేను బ్రహ్మాండంగా కాపాడాను. చిక్కంతా నేను మునగాల్సి వచ్చినప్పుడే. పద్ధతి ఏమిటంటే, నేను తెలివి తప్పినట్టు తేలుతూ ఉండాలి. ఆవిడ ఈదుకుంటూ వచ్చి, నన్ను వెల్లకిలా తిప్పి, నోట్లో గొట్టం తీసి, బాగున్నావా అని అడగాలి. జవాబు రాకపోతే ఊపిరి ఉందో లేదో చూసి గట్టుకి లాక్కుపోవాలి.

"అక్కా! బాగున్నవా?"

"ఆఁ, బానే ఉన్నానండీ."

కొలనంతా ఒకటే నవ్వులు. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ అదే. పలకకూడదని ఎన్నిసార్లనుకున్నా ఆ ప్రశ్న చెవిన పడగానే నోరు దానంతటదే తెరుచుకునేది. ఏళ్ల తరబడి లిఫ్టులో, ఫోన్లో, క్యాంటీన్లో అదే జవాబు చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయింది.

"సచ్చేటోళ్లు గిట్ల మర్యాదగ మాట్లాడుతరా అక్కా? పరేషాన్ జేస్తున్నవ్" అని ఆవిడ తల పట్టుకుంది.

ట్రైనర్ మాత్రం నవ్వలేదు. "మేడమ్, సముద్రంలో కూడా ఇలాగే అయితే మీకు కార్డు ఇవ్వలేను. ఆవిడకి వేరే జోడీని చూస్తాను" అన్నాడు. కార్డు పోతే పోయింది, పీడా పోయింది. ఆవిడ పోతే? ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు.

చివరి పరీక్షకి మమ్మల్ని విశాఖ సముద్రానికి తీసుకెళ్లారు. పడవకి కాస్త దూరంలో, అలల మీద ఒళ్లు వదిలేసి తేలాను. ఆవిడ రొప్పుతూ వచ్చింది. నన్ను తిప్పింది, మాస్కు లాగింది, గొట్టం తీసింది.

"అక్కా! ఇంటున్నవా? బాగున్నవా?"

నోరు కదలబోయింది. పళ్ల మధ్య నాలుక నొక్కిపెట్టాను. ఆవిడ తన చెంప నా ముక్కుకి దగ్గరగా పెట్టి ఆగింది. ఆ ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు. లేనండీ, అస్సలు బాగాలేను, ఎన్నాళ్లనుంచో బాగాలేను అని అరవాలనిపించింది. అరవలేదు. చచ్చినట్టు పడుకున్నాను. "ఎంత బరువున్నవే తల్లీ" అని తిట్టుకుంటూనే ఆవిడ నన్ను పడవ దాకా లాక్కొచ్చింది. పైకెక్కించాక కూడా కాసేపు కళ్లు తెరవలేదు నేను.

"అయిపోయింది, లే అక్కా. పాసైనం!" అని ఆవిడ భుజం కుదిపితే లేచాను.

ఇద్దరికీ కార్డులొచ్చాయి. ఆదివారాలు మాత్రం పోయాయి. ఇక కలవడానికి సాకేముంది? ఆవిడకి హాస్టలుంది, నాకు ఫ్రిజ్ మీద మూడో కార్డుంది. నేనే ఫోన్ చేయొచ్చుగా అంటారు. నంబరు తీసి, చూసి, పెట్టేసేదాన్ని. అడుక్కున్నట్టుంటుందని. మొండితనం ఒంట్లోంచి ఊరికే పోదు. మునుపు ఒంటరితనమంటే ఇంట్లో ఫ్యాను చప్పుడులాంటిది, పట్టించుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఆదివారం పొద్దున లేవగానే ఏడుపొచ్చేది.

అలాంటి ఒక ఆదివారమే ఆవిడ ఫోన్ చేసింది.

"ఏందక్కా, కార్డు రాంగనే మరిచినవా? బాగున్నవా?"

"బా..." అన్నాను. నాలుక మళ్లీ పళ్ల మధ్యకి పోయింది. కానీ ఇక్కడ జవాబు చెప్పొచ్చు.

"లేనండీ" అన్నాను.

అవతల ఎవరో ఆంటీ, ఆంటీ అని పిలుస్తున్నారు. "జర ఆగుండ్రి!" అని ఆవిడ కసిరింది. తలుపు వేసిన చప్పుడైంది.

"చెప్పక్కా, ఇంటున్న" అంది.