గోడ పక్క బోరు

తిరుపతి ఊరి చివర మేం బాడుగకున్న ఇంటికీ, పెట్రోలు, కిరసనాయిలు నిల్వచేసే డిపోకీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ వేసవిలో మా వీధికంతా మా ఇంటి ఓనరమ్మ బోరు ఒక్కటే దిక్కు. పొద్దున్నే మోటారు వేసి, కొంగు నడుముకు దోపుకుని, ఎవరికెన్ని బిందెలో ఆమే చెప్పేది. ఎదురు మాట్లాడినవాళ్ల బిందె వరసలో చివరికి పోయేది.

ఆ నీళ్లకు వాసన ఉంది. రాత్రి మూతపెట్టిన బిందెను పొద్దున తెరిస్తే దీపం బుడ్డి వాసన గుప్పుమనేది. కాచినా పోలేదు, వడగట్టినా పోలేదు. నా కూతురికి అప్పుడు రెండేళ్లు నిండుతున్నాయి. మా ఆయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "డిపో పక్కన గాలి అట్లే ఉంటాది. నువ్వు బీఎస్సీ చదివింది దీనికేనా?" అన్నాడు.

డిపోవాళ్లు గోడ పొడవునా సన్నటి బోర్లు వేయించారు. ట్యాంకుల్లోంచి నూనె కారి భూమిలోకి దిగుతోందేమో చూడటానికి. మద్రాసు నుంచి ఒకతను సీసాలతో వచ్చేవాడు. ఆ బోర్లలో నిలవ ఉన్న నీళ్లన్నీ తోడేశాకే పరీక్షకు సీసా పట్టాలట. ఒకరోజు అట్లా తోడిన నీళ్లను పైపుతో గోడ ఇవతల కాలవలోకి వదిలాడు. చప్పుడు వినగానే వీధి వీధంతా బిందెలతో పరుగెత్తింది.

"తాగొద్దమ్మా, అవి టెస్టు నీళ్లు!" అతను గోడ మీంచి వంగి అరిచాడు.

"కాలవలో పోసేది మా బిందెలో పోస్తే నీ సొమ్మేం పోతాది అబ్బా?" అని ఒకామె పైపు కింద బిందె పెట్టింది.

నేను బిడ్డను చంకనేసుకుని గోడ దగ్గరికి పోయాను. మా బోరు నీళ్లు కూడా పరీక్షకు ఒక్క సీసా పట్టమని బతిమాలాను.

"ఓనరు అడిగితే పడతాను. బాడుగవాళ్లు చెప్తే కుదరదు" అన్నాడు.

ఓనరమ్మ నా వెనకే ఉంది. "యాడొస్తాంది వాసన? పెండ్లయి ఈ ఇంటికొచ్చినకాడి నుంచీ ఈ నీళ్లే తాగతా ఉండాను. నాకు ముక్కు ల్యాదా?"

"ఒక్క సీసా పెద్దమ్మా. పాప కోసం."

ఆమె ఆడవాళ్లకేసి తిరిగింది. "ఇన్నారా మేయ్? ఇన్నాళ్లూ నా చేతి విషం తాగతా ఉండారంట మీరంతా."

"ఆయమ్మ చేసిన చారు కుక్క గూడా ముట్టదు. నీళ్లకు వంక పెడతాంది" అంది పక్క పోర్షనామె.

ఓనరమ్మ చెంబుతో బోరు నీళ్లు తెచ్చి, నా చంకలోంచి బిడ్డను లాక్కుంది. "నువ్వే చెప్పు తల్లీ మీయమ్మకి." నేను చెంబు అందుకోబోతే ఇద్దరు నా చేతులు పట్టుకున్నారు, నవ్వుతూనే. ఎండకు నోరెండిన బిడ్డ గటగటా తాగింది. మూతి తుడుచుకుని, "ఇంకా" అంది.

వీధి ఘొల్లుమంది. గోడ మీద మద్రాసు అతనూ నవ్వాడు. తర్వాత సీసాలు సర్దుకుని పోయాడు. వాటిలో ఏం తేలిందో మా వీధిలో ఎవరికీ తెలియలేదు.

సాయంత్రానికి ఆ బోరు నుంచి మా పోర్షనుకొచ్చే కొళాయి ఆగిపోయింది. అడగడానికి పోతే, "వాసన నీళ్లు నీకెందుకమ్మా?" అంది ఓనరమ్మ. ఇల్లు మారదామంటే మా ఆయన, "నీ నోటితో తెచ్చుకున్నావు, నీ నడుముతో మొయ్యి" అన్నాడు. మోశాను. బిడ్డను నిద్రపుచ్చి, బయట గడి పెట్టి, రైలు గేటు అవతలి కొళాయి దాకా పోయి వచ్చేదాన్ని. నడుము విరిగేది. అయినా బిడ్డ ఆ బోరు నీళ్లు తాగడం లేదు కదా అని లోపల సంతోషంగానే ఉండేది.

ఒక మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మా తలుపు తీసి ఉంది. బిడ్డ ఓనరమ్మ అరుగు మీద, ఆమె ఒళ్లో కూర్చుని ఉంది. చేతిలో చిన్న వెండి గ్లాసు.

"నువ్వట్ల పోతూనే లేసి ఏడుస్తాది. రోజూ నేనే గడి తీస్తా. అవ్వా నీళ్లు అంటాది. దప్పికన్న బిడ్డకు ల్యాదంటానా? నేనేమన్నా రాక్షసినా?"

బిడ్డ పరుగెత్తుకొచ్చి నా మెడ కావలించుకుంది. దాని మూతి ఇంకా తడిగా ఉంది. వాసన చూశాను. దీపం బుడ్డి.