పాండవుల గుడికి రాయి యాడిది

కదిరిలో మాది బట్టల అంగడి. పక్కూరి మగ్గం మీద నేసిన చీరనైనా సరే, "చానా దూరం నుంచి తెప్పించిన సరుకమ్మా" అని చెప్పి అమ్మడం నాకు చిన్నప్పుడే అబ్బింది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ తెలివితోనే ఒక మెట్ట చేనులో భంగపడ్డాను.

ఆ చేను మా అంగడికి వచ్చే ఒక రైతుది. దాని మధ్యలో నాలుగు బండలు నిలబెట్టి పైన ఇంకో బండ కప్పిన ఆదిమకాలపు సమాధి ఉంది. ఊళ్ళో అందరూ పాండవుల గుడి అంటారు. ట్రాక్టరు తిప్పడానికి అడ్డంగా ఉందని, దాన్ని పగలగొట్టి కంకర మిషనుకు తోలుకుపొమ్మని రైతు ఒకరికి మాటిచ్చాడు. మర్నాడే మనుషులు వస్తారు. సంగతి తెలిసి, మా ఊరి కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరరు మా అంగడికి పరుగెత్తుకొచ్చాడు. "ఆపాలండీ. నాకు బేరం చేతకాదు, మీరు రావాలి" అన్నాడు. ఆ పొగడ్తకు పడిపోయాను.

చేనికి పోతూనే అందుకున్నాను. "అన్నా, ఇవి ఈడి రాళ్ళు కావు. యాడి నుంచో ఏనుగులతో ఈడ్పించినారు. ఇట్లాటివి మళ్ళా దొరకవు."

"యాడివో అయితే నాకేమప్పా? పోతే పోనీ" అన్నాడు రైతు.

లెక్చరరు ఉండబట్టలేకపోయాడు. "దూరానివి కావండీ. అదిగో, ఆ గుట్టవే."

నేను ఆయన కాలు తొక్కాను. ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు గాని మాట లాక్కోలేదు.

"ఆ గుట్టలో లేచేది ఇంటి కప్పుకేసే చిన్న బండలే కద సార్" అన్నాడు రైతు. "ఇంత పెద్ద బండ యాడుండాది? భీముడు మోసుకొచ్చినాడని మా అవ్వ చెప్తాండె."

వాదన తెగక ముగ్గురం గుట్ట ఎక్కాం. వెనకవైపు పరుపులా పరుచుకున్న బండ మీద ఒకచోట గుడి పైబండంత మేర మెట్టులా పల్లం దిగి ఉంది. రైతు గొంతుక్కూర్చుని దాని అంచుకు జాన పెట్టి చూశాడు.

"మంట పెట్టి పొర లేపినారు" అన్నాడు మెల్లగా. "మా నాయనా ఇట్లే లేపుతాండె. కట్టెలు పేర్చి కాల్చి, బండ మోత మారినాక సుత్తితో తట్టేది. మా ఇంటికి కప్పిన బండలన్నీ ఈ గుట్టవే."

"సరిగ్గా ఈ చోటి నుంచే తీశారని నేను చెప్పలేను" అన్నాడు లెక్చరరు.

నేను సందు చూసి సరుకు మార్చాను. "అంటే అన్నా, మీ సొంత గుట్ట రాయి..."

"నువ్వుండప్పా. ఇంతకు ముందే ఏనుగులంటివి."

కిందికి దిగాక రైతు గుడి పైబండను పిడికిలితో తట్టి చెవి పెట్టాడు. అంచు వెంట అరచెయ్యి నడిపాడు. "యాడా పగులు లేదు. పని తెలిసినోళ్ళు" అన్నాడు. ఆ సాయంత్రమే కంకర మనిషికి రావద్దని కబురు పంపాడు. ఇంత పని చేసినోళ్ళ బండ మీద సుత్తి వేయించడానికి చేతులు రావట్లేదని మాతో అన్నాడు.

అతని భార్య ఉడకేసిన సెనిక్కాయలు తెచ్చింది. గట్టు మీద కూర్చుని తిన్నాం. ఆ గుడిని నా బేరమే నిలబెట్టిందని లెక్చరరు తర్వాత కాలేజీలో అందరికీ చెప్పాడట. నేను కాదనలేదు.