పొడి మావయ్య డబ్బా

మా అమ్మ తమ్ముణ్ణి వీధంతా పొడి మావయ్య అంటుంది. బలానికి తాగే మాంసకృత్తుల పొడి అమ్ముతాడు. ఒంటినిండా ఆ పొడిలో కలిపే తీపి సెంటు వాసనే. తల్లి లేని ఇతన్ని మా అమ్మే తన వాటా గుడ్డు కూడా పెట్టి పెంచింది. ఆ మాట కొనేవాళ్ల ముందు చెప్పి కళ్లొత్తుకుంటాడు. సగం డబ్బాలు ఆ కన్నీళ్లకే అమ్ముడుపోతాయి.

అమ్మకు తుంటి ఆపరేషన్ అయింది. గాయం మానడం లేదు. ఒంట్లో మాంసకృత్తులు తగ్గాయి, బాగా తినాలన్నాడు డాక్టరు. మావయ్య డబ్బా మోసుకొచ్చాడు. ఇక అమ్మ గుడ్డు ముట్టదు, పాలు ముట్టదు. తమ్ముడిచ్చిన పొడి ఉందిగా అంటుంది. గాయం చీము పడుతూనే ఉంది. కట్టు మార్చేది నేనే.

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. ప్రాణమున్న ఏ ఒళ్లయినా పిండిపదార్థాలు, కొవ్వులు, మాంసకృత్తులు, కేంద్రకామ్లాలు అనే పెద్ద అణువులతోనే ముఖ్యంగా తయారవుతుందన్నది ఆరోజు పాఠం. అయోడిన్ చుక్క వేస్తే పిండి నల్లబడుతుంది, మాంసకృత్తులు నల్లబడవు. అది చూపిద్దామని ఇంట్లోంచి చెంచాడు పొడి పట్టుకెళ్లాను. చుక్క పడగానే కాటుకలా అయింది.

"టీచర్, ఇది ఉత్త పిండే కదా," అన్నారు పిల్లలు.

అమ్మ కట్టు వాసన ముక్కుకు తగిలినట్టయింది. అయోడిన్ సీసా సంచిలో వేసుకుని నేరుగా మావయ్య కొట్టుకు వెళ్లాను. వెనకగదిలో మావయ్య మోచేతుల దాకా మొక్కజొన్న పిండితో, అందులో సెంటు కలుపుతూ, వేళ్లు నాకి రుచి చూస్తున్నాడు. అవే వేళ్లు మళ్లీ పిండిలో పెడుతున్నాడు.

"అమ్మకీ ఇదేనా మావయ్యా?"

"ఛ, అక్కకి అసలు సరుకు విడిగా పెట్టానే." పై అర వైపు చూశాడు. ముఖం పాలిపోయింది. "అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఇచ్చానో ఏమో."

తన దొంగపనికి తనే మోసపోయాడు. చుక్క వేస్తే పిండి నల్లబడుతుందని చెబుతూ నేను సంచిలోంచి తీసిన సీసా లాక్కుని, ఒక్కో డబ్బాలోంచి చెంచాడు తీసి చుక్క వేశాడు. వరసగా నల్లబడ్డాయి. చిట్టచివర ఒక్కటి నల్లబడలేదు. దాన్ని గుండెకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. నాక్కూడా జాలేసింది.

అంతలో గల్లా దగ్గరికి ఒకావిడ వచ్చింది. భర్తకు ఆపరేషన్ అయిందట, పొడి కావాలట. మావయ్య ముఖం తుడుచుకుని, మంచి డబ్బా బల్ల కిందికి తోసి, నల్లబడ్డ వరసలోంచి ఒకటి తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"మా అక్కకీ ఇదే పెడుతున్నానమ్మా," అన్నాడు.

నా జాలి మీద నాకే అసహ్యం పుట్టింది. ఆవిడ ఎదురుగానే మూత ఊడదీసి చుక్క వేసి, నల్లబడిందంటే ఇది ఉత్త పిండేనని చూపించాను. బల్ల కింద డబ్బా తీసి ఆవిడ చేతికిచ్చాను. వెనకనుంచి మావయ్య ఏవో ఒట్లు వేస్తున్నాడు, నేను తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చి గుడ్డు ఉడకబెట్టి అమ్మ ముందు పెట్టాను.

"తమ్ముడి పొడి ఏదే?"

"ఇది తినమ్మా," అన్నాను. "ఇది నీ వాటా."