స్వర్ణక్క చెప్పని లోపం

మా స్వర్ణక్క కారును చేత్తో చూస్తుంది. కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో మేమిద్దరం పనిచేసే కార్ల ఫ్యాక్టరీలో, రంగు తనిఖీ చేసే లైను మీద ఆమెది నా పక్క స్థానమే. పల్చటి గ్లవుజు తొడుక్కున్న చెయ్యిని తలుపు మీద అలా పోనిస్తుంది, వెంట్రుకంత తేడా ఉన్నచోట ఆగిపోతుంది. సూపర్‌వైజరు వచ్చి, లైటు వేసి, వంగి, పక్కకు తిరిగి చూసి, చివరికి ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకుని వెళ్ళిపోతాడు. ఆరేళ్ళుగా పక్కనే నిలబడుతున్నా ఆ విద్య నాకు అబ్బలేదు.

అందుకే నిరుటిదాకా ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళు పాత కారు కొనాలంటే ముందు ఫోన్ చేసేది స్వర్ణకుమారి గారికి. ఒక్క డాలరు పుచ్చుకునేది కాదు. కొనమనేది కాదు, మానమనేది కాదు. చూసింది చూసినట్టు చెప్పి ఇంటికి వచ్చేది. టార్చి పట్టుకోవడానికి తోడుగా నన్ను లాక్కెళ్ళేది. “హైమా, ఇటు వెయ్యి లైటు” అనడం తప్ప అక్కడ నాతో వేరే మాట ఉండేది కాదు. ఆమె అబద్ధం ఆడిందని అప్పటివరకు ఎవరూ అనలేదు. ఆమెకు ఈ దేశంలో ఉన్న ఆస్తి ఆ పేరొక్కటే.

ఇదంతా కార్ల మీద సరదాతో నేర్చుకుందనుకునేవారు చాలామంది. కాదు, పగతో నేర్చుకుంది.

ఏడేళ్ళ కిందట భర్త రత్నరాజు గారితో భీమవరం నుంచి వచ్చిన మొదటి చలికాలం అది. ఆయన మంచి వెల్డరు. పనికి పోవాలంటే బండి కావాలి. వీళ్ళు వెళ్ళే తెలుగు చర్చిలో డేవిడ్‌సన్ అని సంఘ పెద్ద ఒకాయన ఉన్నాడు. ఇళ్ళకు మార్ట్‌గేజ్‌లు ఇప్పించడం ఆయన వృత్తి, మైకు పట్టుకోవడం ఆయన వ్యసనం. తన పాత వ్యాన్ ఇస్తానన్నాడు. సంఘ పెద్ద ఇచ్చే బండిని మెకానిక్‌కి చూపిస్తామని అనగలమా? ఆ మాట అడగడానికి వీళ్ళకు మొహం చెల్లలేదు. పైగా ఆయనే బానెట్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, ఈ చక్రాలకు కాపుదలగా ఉండు ప్రభువా అని అయిదు నిమిషాలు ప్రార్థన చేశాడు. వీళ్ళు ఆమెన్ అన్నారు. తనిఖీ అంటే అదే.

ఫిబ్రవరిలో ఊళ్ళోనే గాల్ట్ పేట వైపు నది దగ్గరకు దిగే వాలులో ఎర్ర లైటు పడితే వ్యాన్ ఆగలేదు. దీపస్తంభానికి కొట్టుకుంది. రత్నరాజు గారి తుంటి ఎముక మూడు ముక్కలైంది. ఇప్పటికీ కర్ర లేకుండా నడవలేడు. వెల్డింగ్ పోయింది. ఒక గోదాము గేటు దగ్గర కూర్చుని లారీల కాగితాల మీద స్టాంపులు వేస్తున్నాడు.

మంచు మీద అనుభవం లేక వేగంగా వచ్చాడని పోలీసులు రాసుకున్నారు. వ్యాన్‌లో మిగిలిన కాగితాల కోసం తుక్కు యార్డుకు వెళ్ళిన స్వర్ణక్క, ఒరిగి పడున్న బండి అడుగుభాగం చూసింది. కొత్తగా కొట్టిన నల్లటి పూత. గోటితో గీకితే పెచ్చులా ఊడింది. దాని కింద బ్రేకు పైపు తుప్పుపట్టి బిస్కెట్టులా పొడిపొడిగా రాలింది. ఎవరినైనా తీసుకొచ్చి చూపిద్దామని మర్నాడు వెళ్ళేసరికి వ్యాన్‌ను నలిపి దిమ్మ చేసేశారు.

డేవిడ్‌సన్ గారు ఆసుపత్రికి ఆపిల్ పళ్ళు పట్టుకొచ్చాడు. “మంచులో డ్రైవింగ్ మనవాళ్ళకి అలవాటుండదు సిస్టర్. ప్రాణం దక్కింది, దేవుణ్ణి స్తుతించండి” అన్నాడు.

“కింద ఆ నల్లరంగు ఎందుకు కొట్టించారండీ?” అని అడిగిందట అక్క.

“చలికాలం కదమ్మా, బండికి మంచిదని.”

ఈ ముక్క ఆమె నాకు చెప్పిన రోజు నా ఒళ్ళు మండిపోయింది. ఆ ఆపిల్ పళ్ళు ఆయన మొహాన కొట్టాల్సింది అన్నాను. ఆమె మాత్రం పళ్ళ సంగతి వదిలేసి భర్త సంగతి చెప్పింది. పైపు తుప్పు గురించి ఎంత చెప్పినా ఆయన నమ్మడు. గుద్దుకున్నాక విరిగిందేమో అంటాడు. “స్వర్ణా, నేను బ్రేకే తొక్కానో, కంగారులో యాక్సిలరేటర్ తొక్కానో నాకే తెలీదే” అని అప్పట్నుంచీ అదే మాట. అన్నం ముందు కూర్చుని కూడా కుడికాలు నేలకేసి నొక్కి చూసుకుంటూ ఉంటాడు.

“నాకు డేవిడ్‌సన్ గారి డబ్బు వద్దు హైమా. తెలిసే ఇచ్చానని ఆ మనిషి నోటితో అనాలి. మా ఆయన వినాలి” అంది. దానికోసమే ఈ ఫ్యాక్టరీలో చేరింది. సెలవు రోజుల్లో ఒక గ్యారేజీలో జీతం లేకుండా ఊడ్చి, బండ్ల కింద పడుకుని, తుప్పు ఎక్కడెక్కడ దాక్కుంటుందో నేర్చుకుంది. ఏనాటికైనా ఆ మనిషి తన ముందుకు ఒక కారుతో వస్తాడని ఆమె నమ్మకం.

నిరుడు అక్టోబరులో వచ్చాడు.

“సిస్టర్, వందనాలు. ఒక బండి చూశాను. మీ చెయ్యి పడితే నాకు ధైర్యం” అని ఫోన్ చేశాడు. పక్కనే ఉన్న నాకూ వినబడింది. చేసిన పని గుర్తుందన్న జంకు గొంతులో ఎక్కడా లేదు. అదే నాకు అన్నిటికంటే కడుపు మండించింది.

హెస్పెలర్ రోడ్డు అవతల ఒక చిన్న డీలరు దగ్గరికి వెళ్ళాం. ముదురు బూడిదరంగు జర్మన్ కారు, వయసు అయిదేళ్ళు. చూడటానికి సెడాన్‌లాగే ఉంది. బటన్ నొక్కితే వెనక అద్దంతో సహా తలుపంతా పైకి లేచింది. దీన్నే లిఫ్ట్‌బ్యాక్ అంటారట. డిక్కీలో ఒక చిన్న సంసారం సర్దేయొచ్చు. ఆరువందల గుర్రాల బలం అని డీలరు, కొత్తదైతే రెట్టింపు ధర అని డేవిడ్‌సన్ గారు పోటీపడి చెబుతున్నారు. ఆయన కూతురు హోప్ కూడా వచ్చింది. వాటర్లూ యూనివర్సిటీలో చదువుతోంది, పందొమ్మిదేళ్ళుంటాయి. “ఆంటీ, ఈజ్ ఇట్ సేఫ్? ఐ విల్ బీ డ్రైవింగ్ ఇట్ టూ” అంది.

స్వర్ణక్క ఆ పిల్ల మొహం కాసేపు చూసింది. “చూసి చెప్తానమ్మా” అని గ్లవుజు తొడుక్కుంది.

గంటన్నర చూసింది. ప్రతి తలుపు సందులో వేలు పెట్టింది. కుడివైపు వెనక భాగానికి మళ్ళీ రంగు వేశారని చేత్తోనే పట్టేసింది. సీటుబెల్టులు చివరిదాకా లాగి, నీళ్ళలో మునిగిన మరక ఉందేమో చూసింది. డిక్కీ అడుగు కార్పెట్ ఎత్తి వాసన చూసింది. కారును లిఫ్ట్ మీద ఎక్కించి, కింద ప్రతి పైపూ తడిమింది. ముందు టైర్ల లోపలి అంచు అరిగి తీగలు బయటపడ్డాయి. బ్రేకు డిస్కుల మీద సన్నటి బీటలున్నాయి.

వీటన్నిటికంటే ముందు, వెళ్ళగానే, బానెట్ మీద అరచెయ్యి ఆనించి తీసేసింది. పక్కనున్న నేనూ ఆనించాను. పొద్దుటినుంచి కదల్చలేదని డీలరు ఒట్టేసిన బండి దోసెల పెనంలా ఉంది. చల్లటి ఇంజిన్‌ను మొదటిసారి స్టార్ట్ చేస్తేనే దాని రోగం బయటపడుతుంది. వేడి బండి కనబడితే స్వర్ణక్క అక్కడే చెప్పేసి, రేపు వస్తామని వెళ్ళిపోయేది. ఆమెతో వెళ్ళిన ప్రతిసారీ అంతే. ఈసారి ఏమీ అనలేదు. బండి లిఫ్ట్ మీంచి దింపాక ఇంజిన్ ఒకసారి స్టార్ట్ చేయించి ఆపించింది. వెనక్కి వెళ్ళి, పొగగొట్టంలో వేలు తిప్పి బయటికి తీసింది. నల్లటి జిగట మసి. ఇంజిన్ నూనె తాగుతోందన్నమాట. టిష్యూతో వేలు తుడుచుకుని, ఆ టిష్యూ మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

తర్వాత డేవిడ్‌సన్ గారి ముందు నిలబడి, వేళ్ళు మడుస్తూ అన్నీ చెప్పింది. రంగు, టైర్లు, బ్రేకులు. “బ్రేకులూ టైర్లూ మార్చకుండా బండి రోడ్డెక్కకూడదండీ. ముఖ్యంగా పాప నడపకూడదు” అని రెండుసార్లు అంది.

“అవి మార్పించి ఇమ్మంటాను. మరి ఇంజిన్ ఎలా ఉంది సిస్టర్?”

“విన్నారుగా, నున్నగా తిరుగుతోంది” అంది.

నేను టార్చి ఆపి సంచిలో పెట్టేశాను. ఇంటికి వస్తుంటే కారులో అడిగాను. “అక్కా, ఆ మసి...”

“ప్రాణం తీసేవన్నీ చెప్పాను హైమా. జేబు కాల్చేది ఒక్కటి దాచాను.”

నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

డేవిడ్‌సన్ గారు బ్రేకులు, టైర్లు మార్పించుకుని, ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని కాగితం మీద సంతకం పెట్టి కొనేశాడు. డిసెంబరులో ఆ కారు ఆయన ఇంటి ముందే నీలం పొగ కక్కి ఆగిపోయింది. కొత్త ఇంజిన్‌కు ఇంచుమించు కారు కొన్నంత అవుతుందన్నారు. డీలరు సంతకం చూపించి చేతులు దులుపుకున్నాడు. మేం భోజనాల విరామంలో ఉండగా ఫోన్ వచ్చింది. అక్క స్పీకర్ పెట్టింది.

“మీరు చూశారు కదా సిస్టర్! మీకు తెలుసా, తెలీదా? అది చెప్పండి ముందు!”

“ఆదివారం చర్చిలో చెప్తానండి” అని పెట్టేసింది. నా వైపు తిరిగి, “ఈ ఆదివారం నువ్వూ రా” అంది.

వాళ్ళ చర్చిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఎవరైనా లేచి, తమకు జరిగింది మైకులో చెప్పొచ్చు. అడ్డుపడకూడదు. స్వర్ణక్క లేచింది. రత్నరాజు గారు ఆశ్చర్యంగా చూశాడు. ఏడేళ్ళలో ఆమె మైకు ముట్టుకున్నది లేదు.

“నేనొక తప్పు చేశాను. డేవిడ్‌సన్ గారు కొన్న కారు ఇంజిన్ పాడైందని నాకు ఆ రోజే తెలుసు. తెలిసీ చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. ఇకమీదట ఎవరూ కార్లు చూడమని నన్ను పిలవొద్దు. నా మాట నమ్మదగింది కాదు.”

హాలంతా గుసగుసలు లేచాయి. ఆమె నడిచి వెళ్ళి, ముందు వరుసలో ఉన్న డేవిడ్‌సన్ గారి చేతిలో మైకు పెట్టింది. “నాది అయిపోయిందండి. ఇప్పుడు మీ సాక్ష్యం చెప్పండి. మీరు మాకిచ్చిన వ్యాన్ బ్రేకు పైపు సంగతి మీకు తెలుసా, తెలీదా?”

జీవితంలో మొదటిసారి ఆయన మైకు వెనక్కి ఇవ్వబోయాడు, అక్క తీసుకోలేదు. పాస్టరు గారు లేవబోయి కూర్చున్నారు. నేను వెనక వరుసలోంచి చూస్తున్నాను. ఆ మనిషి నున్నగా ఏదో ఒకటి చెప్పి జారుకుంటాడనే అనుకున్నాను. అప్పుడు ఆయన పక్కనే కూర్చున్న హోప్ అడిగింది.

“డాడ్, డిడ్ యూ నో?”

ఆయన కూతురి వైపు చూశాడు. “మెకానిక్ చెప్పాడు” అన్నాడు. మైకు నోటి దగ్గరే ఉంది, స్పీకర్లలో హాలంతా వినిపించింది. “పైపు మార్చమన్నాడు. ఈ ఒక్క చలికాలం ఆగుతుందనుకున్నాను.”

హోప్ లేచి వెళ్ళి వేరే వరుసలో కూర్చుంది.

రత్నరాజు గారు ముందున్న కుర్చీ పట్టుకుని లేచాడు. ఎవరితోనూ కాదు, తనలో తనే అన్నాడు. “అయితే నేను బ్రేకే తొక్కాను.” అంతమంది ముందు వెక్కివెక్కి ఏడ్చాడు. అక్క వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

ప్రసంగం వినకుండానే బయటికి వచ్చేశాం. మంచు పడుతోంది. నేను కారు అద్దాలు తుడుస్తుంటే డేవిడ్‌సన్ గారు కోటైనా వేసుకోకుండా పార్కింగ్‌లోకి వచ్చి, చేతులు జోడించి నిలబడ్డాడు.

“సిస్టర్, నన్ను క్షమించండి.”

స్వర్ణక్క ముందు భర్తను సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తలుపు వేసింది. అప్పుడు ఆయన వైపు తిరిగింది.

“అది ఇచ్చే ప్రభువు చర్చి లోపలున్నాడు, వెళ్ళి అడగండి. నా దగ్గర లేదు.”