మేనమామ ఒడి ఉన్న షాట్

ముకేష్‌కి మనుషుల మీద గౌరవం ఏనాడో పోయింది. తమిళనాడు గుడియాత్తంలో, బస్టాండు వెనక సందులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి చేసి పోగొట్టుకున్నాడు. కెమెరా తమవైపు తిరగ్గానే పొట్ట లోపలికి లాక్కునే పెద్దమనుషులు, ఏడుస్తూనే లైటు ఎటుందో ఓరకంట చూసుకునే మేనత్తలు, అందరినీ వెనక్కీ ముందుకీ తిప్పి చూసినవాడు. వాళ్లకు నమస్కారం పెట్టమంటే అతని చేతులు పైకి లేవవు.

మనుషుల తర్వాత అతనికి పడనిది తన కంప్యూటర్. తప్పు దానిది కాదు. ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఒక మోజుంది. ప్రతి ఫంక్షన్ వీడియోలోనూ అంతకుముందు ఫంక్షన్ కనబడాలి. నిశ్చితార్థంలో ఓణీల ఫంక్షన్ రావాలి, దాంట్లో చెవులు కుట్టించింది రావాలి. ముకేష్ ఒట్టి బద్ధకస్తుడు. పాత వీడియో తాలూకు ప్రాజెక్టు ఫైల్లోంచి కావలసిన ముక్క తీసుకోకుండా, మొత్తం ప్రాజెక్టునే తెచ్చి కొత్తదాని కడుపులో పెట్టేస్తాడు. దాని కడుపులో అప్పటికే ఇంకోటి ఉంటుంది. చివర అన్నిటినీ కలిపి ఒక వీడియోగా తీయాలంటే, దాన్నే రెండరింగ్ అంటారు, కంప్యూటర్ ఒక్కో బొమ్మకీ అట్టడుగు దాకా దిగి రావాలి. ఎంత పని అయిందో చూపించే గీత తెర మీద కదలదు. ముకేష్ దాన్ని నోటికొచ్చినట్టు తిడతాడు.

అయితే పని మొదలే పెట్టకుండా "రెండరింగ్ అవతా ఉండాది" అని జనాన్ని తిప్పే తోటి వీడియోవాళ్లంటే అతనికి ఇంకా రోత. ఆ అబద్ధం మాత్రం అతను ఏనాడూ ఆడలేదు.

సింధుజ పెళ్లికి ముందురోజు సాయంత్రం తొరపాడి కల్యాణ మండపంలో రిసెప్షన్. అక్కడ వేయాల్సిన వీడియో అంతకు ముందురోజంతా ముక్కి మూలిగి రిసెప్షన్ రోజు పొద్దున పూర్తయింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి జేబులో వేసుకున్నాడో లేదో, గోపాలస్వామి గడప ఎక్కాడు. బట్టల కొట్టు యజమాని, పెళ్లికూతురికి మేనమామ, ఆ పెళ్లికి పెద్ద.

"ముకేషూ, దాంట్లో మా చెల్లి వచ్చేదంతా తీసేయప్పా."

అతని చెల్లెలు శశికళ అంటే పెళ్లికూతురి కన్నతల్లి. భర్త పోయి చాలా ఏళ్లయింది.

"ఎందుకన్నా?"

"తెల్లారితే ముహూర్తం. పెండ్లికొడుకు ఇంటోళ్లంతా చూస్తా ఉంటారు. అంత పెద్ద తెరమింద ముండమోసిన మొగం వస్తే బాగుంటాదా? నాకు చెల్లిమింద ప్రేమ లేక చెప్తానా?"

ముకేష్‌కి ఒళ్లు మండింది. ప్రేమట.

"చెవులు కుట్టినప్పుడు పాప నీ ఒళ్లో ఉండాది. శశికళక్క పాప కాళ్లు పట్టుకోనుండాది. అంతా ఒకే షాటన్నా. ఆమె పోతే నువ్వూ పోతావు."

గోపాలస్వామి ముఖం చిన్నబోయింది. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చెవులు కుట్టించడం, ఆ ఇంట్లో అతను అందరికీ చెప్పుకునే ఘనకార్యం అదొక్కటే.

"నేను పోతే యట్లప్పా? నన్ను మట్టుకు పెద్దగా చేసి, ఆమెని పక్కకి తోసేయి."

అది చేయొచ్చు. తయారైన వీడియోలోనే ఆ ముక్క మార్చి అతికిస్తే మధ్యాహ్నానికల్లా ముగిసే పని. ముకేష్ మానిటర్‌ని అతనివైపు తిప్పాడు. దాని మీద ఇంకెవరి ఇంటి సీమంతమో నత్తనడక నడుస్తోంది.

"చూడన్నా, ఇంకా రెండరింగే అవతా ఉండాది. ఇప్పుడు నిలిపితే మళ్లా మొదట్నించీ. సాయంత్రం తెర ఖాళీగా ఉంటాది, నీ ఇష్టం."

గోపాలస్వామి ఆ గీతను కాసేపు గుడ్లప్పగించి చూశాడు. చివరికి "సరే, ఉండనీ. నేను బాగా కనబడతానా?" అని అడిగి వెళ్లిపోయాడు. అంత నీచమైన మనిషిని అంత సులువుగా బుట్టలో వేసినందుకు ముకేష్ తనను తానే మెచ్చుకున్నాడు.

సాయంత్రం మండపంలో వీడియో నడిచింది. చెవులు కుట్టే షాట్ రాగానే గోపాలస్వామి లేచి నిలబడి, వియ్యంకుడికి తనను తాను చూపించుకున్నాడు. తెర మీద శశికళ తలనిండా పూలతో పాప కాళ్లు పట్టుకుని ఉంది. పక్కన భర్త పాపవైపు వంగి ఏదో చెబుతున్నాడు. షాటు పొడుగునా సన్నాయి మోగుతోంది. ముకేష్ వెతికితే, అసలు శశికళ భోజనాల హాలు గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కనిపించింది.

వీడియో అయిపోయాక ఆమె అతని దగ్గరికి వచ్చింది. మంచి మాట అంటుందనే అతను ఎదురుచూశాడు.

"అక్కడ ఆయన మాట్లాడినాడు గదా నాయనా. దానిమింద సన్నాయి ఎందుకు పెట్టినావు?"

ఆ వీడియో కూర్చినవాడు ముకేషే. ఆ మనిషి గొంతు నొక్కేసి, పైన సన్నాయి పరిచాడు, అది తప్పని తోచను కూడా లేదు. అప్పటిదాకా లోకం మీద ఉన్న రోతంతా ఒక్కసారిగా తనమీదికే తిరిగింది.

"ఆ గొంతు నాకు గుర్తుకే రావడంలేదప్పా" అంది ఆమె.

"పోలేదక్కా. అంగట్లో ఆ పాత ప్రాజెక్టు అట్లే ఉండాది. సన్నాయి నిలిపేస్తే వినబడతాది. ఎప్పుడొస్తావు?"

"రేపు ముహూర్తం టయానికి వస్తా" అంది శశికళ. "అప్పుడైతే నన్ను ఎవురూ వెతకరు."