నమూనా ఇంటి ట్యాంకు

డిగ్నాబాద్‌లో మా రేకుల కప్పు మీద పడే వాన నీళ్లు పట్టడానికి ప్రాజెక్టు వాళ్లు నల్లటి ట్యాంకు పెట్టి, గోడకి ‘నమూనా ఇల్లు’ అని బోర్డు కొట్టారు. వానాకాలమంతా ఆ నీళ్లతోనే వండుకున్నాం, బట్టలు ఉతుక్కున్నాం. ఎండలు ముదిరేసరికి ట్యాంకు అడుగంటింది. వీధి కుళాయిలో నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు.

అప్పుడే పెద్దాఫీసరు చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయనకి నచ్చితే ఊరంతా ఇలాంటివే పెట్టిస్తారట. ఆ పొద్దున్నే ప్రాజెక్టు ఇంజినీరు లారీలో నీళ్లు తెచ్చి మా ట్యాంకు నింపించాడు.

“సార్ అడిగితే వాన నీళ్లే అని చెప్పండి దీదీ. బస్, అంతే,” అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసరుని తీసుకురావడానికి అతను బయల్దేరగానే మా సందులో ఆడవాళ్లందరినీ కేకేశాను.

“బిందెలట్టుకు రండి, జల్దీ.”

ఆఫీసరు వచ్చి ట్యాంకు కుళాయి తిప్పాడు. చుక్క రాలేదు. ఇంజినీరు మొహం మాడిపోయింది.

“ఖాళీ హై?” అన్నాడు ఆఫీసరు.

నేనూ హిందీలోనే చెప్పాను. “ఇది వాన ట్యాంకు సార్, వాన పడితే నిండుతుంది. మరి ఆ వీధి కుళాయిలో నీళ్లు రావాలంటే ఏం పడాలి?”